మనిషి ఎంత?

ఓలేటి ధర్మరాజు గారి అక్షరం మారిన రోజు పొద్దున్న నేను కాఫీ తాగుతూ మా డాక్టర్ మందాకినిని ఆటపట్టిస్తున్నాను. ఆవిడ కనిపెట్టిన పట్టీ వచ్చాక సర్జన్లమంతా బడిపిల్లలమైపోయామనీ, గోడ మీది తెర మీద ఏ అక్షరం పడితే ఆ పాఠం చదవడమే మా పని అనీ అంటున్నాను. మామూలుగా అయితే ఇలాంటి మాటకి వడ్డీతో సహా తిరిగి ఇచ్చే మనిషి. ఆ రోజు నా మాట చెవిన పడినట్టే లేదు. తెర వైపు చూస్తూ నిలబడిపోయింది.

కాసేపటికి, ధర్మరాజు గారి ఆపరేషన్ ఎప్పుడని అడిగింది. షుగరు అదుపులోకి రావాలని నెల్లాళ్ళకి ఇంటికి పంపాననీ, గడువు దగ్గర పడిందనీ, రాబోయే డాక్టర్ల బోర్డు సమావేశంలో పేరు ఖాయం చేసి పిలిపిస్తాననీ చెప్పాను. ఆవిడ తెర మీద వేలు పెట్టి చూపించింది. నిన్నటిదాకా ఆయన పేరు పక్కన ‘ఎ’ ఉండేది. ఇప్పుడు ‘సి’ ఉంది.

నా పేరు సోమయాజులు. కాకినాడలో లివర్ కేన్సర్ ఒక్కటే చూసే ఆసుపత్రిలో సర్జన్ని. కోతలు కొయ్యడమే నా వృత్తి అని మా ఆవిడ నలుగురిలోనూ అంటుంది. ఏ అర్థంలో అంటుందో నేనెప్పుడూ అడగలేదు. ఈ జబ్బు ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి మేము అక్షరాలు వాడతాం. ‘ఎ’ అంటే గడ్డ ఒకటే ఉంది, లేదా చిన్నవి రెండో మూడో ఉన్నాయి. అలాంటివాళ్ళు నా దగ్గరికి వస్తారు, చాలామందికి కోసి తీసెయ్యొచ్చు. ‘బి’ అంటే గడ్డలు అంతకు మించాయి. రక్తనాళంలోంచి మందు పంపి వాటికి తిండి అందకుండా చేస్తారు. ‘సి’ అంటే జబ్బు నాళాల్లోకి పాకింది, లేదా మనిషి డీలా పడ్డాడు. ఇక మందులతో నెట్టుకు రావాలి. ‘డి’ అంటే మంచం పట్టాడు. నొప్పి తెలియకుండా చూసుకోమని చెప్పి ఇంటికి పంపేస్తాం.

ఎన్ని పరీక్షలు చేసినా ఆ అక్షరం తేలేది మూడు ప్రశ్నల మీదే. గడ్డ ఎంత, లివరు ఎంత, మనిషి ఎంత. మొదటి రెండింటికీ స్కానింగూ రక్తపరీక్షా జవాబు చెబుతాయి. మూడోదానికి మాత్రం మనిషిని పట్టుకుని అడగాల్సిందే. తన పనులు తను చేసుకుంటున్నాడా, పగలు సగానికి పైగా మంచం మీదే గడుపుతున్నాడా అని ఇంట్లోవాళ్ళని అడిగి రాసుకునేవాళ్ళం.

మందాకిని నా దగ్గర శిక్షణలో ఉన్నప్పుడు తుని వైపు నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. ఆయన రోజూ చేను గట్ల మీద తిరిగొస్తాడని కొడుకులు ఒట్టేసి చెప్పారు. ఆ మాట నమ్మి కోశాను. నా బల్ల మీదే పోయాడు. ఆయన అంతకుముందు ఎన్నో వారాలుగా లేవనే లేదనీ, ఆ సంగతి చెబితే ఆపరేషన్ చెయ్యరేమోనని భయపడ్డామనీ చిన్నకొడుకు మందాకిని చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆ రోజే ఆవిడ ఒక పట్టు పట్టింది. మూడో ప్రశ్న ఇక ఇంట్లోవాళ్ళని అడగడానికి వీల్లేదు, దానికీ ఒక మిషను ఉండాలి.

అలా పుట్టింది పట్టీ. కాగితాల మీద దాని పేరు దశాదర్శి. అరచెయ్యంత ఉంటుంది, పలచగా. కుడి డొక్క కింద అంటిస్తే లోపలికి శబ్దతరంగాలు పంపి గడ్డల్ని కొలుస్తుంది. చెమటలో కామెర్ల పసరు జాడ పట్టి లివరు సంగతి చూస్తుంది. మనిషి ఎప్పుడు లేచాడో, ఎంతసేపు నిలబడ్డాడో, చేతులతో ఏ పని చేశాడో ఒంటి కదలికని బట్టి పోల్చుకుంటుంది. మూడూ కలిపి రోజూ పొద్దున్నే మా తెర మీద ఒక్క అక్షరం వేస్తుంది. ఆ అక్షరాన్ని ఏ డాక్టరూ మార్చకూడదని నియమం పెట్టించింది కూడా మందాకినే. బోర్డులో అందరం తలూపాం. నాకైతే హాయిగానే ఉంది. కళ్ళలోకి చూసి అబద్ధాలు చెప్పేవాళ్ళతో వాదించే బాధ తప్పింది.

అందుకే ధర్మరాజు గారికి ‘సి’ వచ్చిందంటే నేను నిట్టూర్చి ఊరుకున్నాను. ఆయన నాకు బాగా గుర్తున్నాడు. కోటిపల్లి రేవులో పంటు నడిపిన మనిషి. బళ్ళనీ మనుషుల్నీ గోదావరి దాటించి దాటించి భుజాలు ఇంతేసి అయ్యాయి. మొదటిసారి వచ్చినప్పుడు చక్రాల కుర్చీ తెస్తే ఎక్కనన్నాడు. “గోదారి మీద పంటు నడిపినోణ్ణండి, నన్ను కుర్చీలో పెట్టి తోత్తారా?” అని నర్సుని నవ్వించి మెట్లెక్కి వచ్చాడు. అలాంటి మనిషికి వారం తిరక్కుండా ‘డి’ పడింది. ‘డి’ వచ్చినవాళ్ళ పేరు ఆపరేషన్ వరసలోంచి దానంతటదే పోతుంది. సోమవారం బోర్డు కూర్చుంటే ఆయన చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

మందాకిని మాత్రం ఊరుకోలేదు. నా గదిలోకి వచ్చి తలుపు కూడా వెయ్యకుండా అడిగింది.

“బి ఏది సార్?”

అర్థం కాలేదన్నాను. ఆవిడ స్కానింగ్ బొమ్మలు నా ముందు పెట్టింది. గడ్డలు రెండే, వచ్చినప్పుడు ఎంతున్నాయో ఇప్పుడూ అంతే ఉన్నాయి. నాళాలు శుభ్రంగా ఉన్నాయి. పసరు పెరగలేదు. జబ్బు ముదిరితే లోపల ఎక్కడో ఒకచోట ముదరాలి కదా అంది. గడ్డా కదల్లేదు, లివరూ కదల్లేదు, మనిషొక్కడే ఎ మీంచి సి మీదకీ, అక్కణ్ణుంచి డి మీదకీ పడిపోయాడు. పక్షవాతం లాంటిదేమైనా వచ్చిందేమోనని ఇంటికి ఫోన్ చేసిందట. బాగా చూసుకుంటున్నామండీ, ఏ లోటూ లేదండీ అని భార్య చెప్పిందట. వెళ్ళి చూద్దాం పదమన్నాను.

కోటిపల్లిలో ఆయనిల్లు రేవుకి దగ్గర్లోనే, పెంకుటిల్లు. ముందుగదిలో ఫ్యాను కింద మంచం వేసి, పక్కకి ఒరిగిపోకుండా రెండువైపులా దిండ్లు పెట్టి, మధ్యలో ఆయన్ని పడుకోబెట్టారు. తలాపున స్టీలు గ్లాసు, చెంచా. ఏం కావాలన్నా చెంచాతో గ్లాసు మీద కొడితే భార్య నూకరత్నం పరిగెత్తుకొస్తుంది. మేము వెళ్ళేసరికి ఆవిడ తడిగుడ్డతో ఆయన మొహం తుడుస్తోంది. మమ్మల్ని చూడగానే చేస్తున్న సేవంతా ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. ఒళ్ళు మంచం మీదే తుడుస్తోంది. తలదువ్వడం, గోళ్ళు తీయడం అన్నీ తనే. చుట్టాలు వచ్చినా ఆయనతో రెండు మాటలకి మించి మాట్లాడనివ్వడం లేదు. పట్టీ చాలా ఖరీదైనదనీ, పాడవకుండా చూసుకోమనీ మా నర్సు చెప్పిందట. అటూ ఇటూ కదిలితే అది ఊడిపోతుందని ఆవిడ భయం.

“అది అంటించిన కాడ్నించీ మంచం దిగనిత్తే ఒట్టండి. మంచినీళ్ళు కూడా నోటికందిత్తన్నాను,” అంది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో గర్వం ఉంది. ఉండాల్సిందే. అంత శ్రద్ధ నేను మా ఆసుపత్రిలో కూడా చూడలేదు.

నేను మందాకిని వైపు చూశాను. ఆవిడకి అప్పటికే అర్థమైపోయింది. నాకు ఇంకాస్త సేపు పట్టింది.

నూకరత్నం కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను ధర్మరాజు గారి పక్కన కూర్చుని, పంటు అబ్బాయిలు మీరు లేక గోదావరిలో దారి తప్పుతున్నారట అని పరాచికం ఆడాను. ఆయన నవ్వలేదు. భుజాలు జారిపోయాయి, కండ కరిగిపోయింది. వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“డాట్టరు గారూ, నాకింక ఎన్నాళ్ళో ఆవిడకి చెప్పేసేరు కదండీ. నాకూ చెప్పండి.”

ఎవరికీ ఏమీ చెప్పలేదన్నాను. నిజమే, బోర్డు తేల్చేదాకా అక్షరాలు మేము రోగులకీ ఇంట్లోవాళ్ళకీ చెప్పం. ఆయన నమ్మలేదు.

“చెప్పక్కర్లేదులెండి. పెళ్ళైన కాడ్నించీ రోజూ నాతో తగువాడే మనిషండి. కాపరానికొచ్చిన మూడోనాడే చేపల పులుసు కాడ మొదలెట్టింది. మొన్న పులుసులో ఉప్పెక్కువైందన్నానండి. తప్పైపోయింది, ఇంకోసారి సూసుకుని ఏత్తానంది.” ఆయన గోడవైపు తిరిగాడు. “అప్పుడే తెలిసిపోయిందండి నాకు.”

ఒంట్లో ఓపిక లేక పడుకున్నాడనుకున్నాను. కాదు. తనకి రోజులు దగ్గర పడ్డాయని పెళ్ళాం మంచితనాన్ని చూసి లెక్కగట్టుకున్నాడు. ఆవిడ ముద్దలు పెట్టినకొద్దీ ఆయనకి ఆ నమ్మకం గట్టిపడింది. ఆయన లేవకుండా పడుకున్నకొద్దీ మా పట్టీకీ గట్టిపడింది.

అరుగు మీద మందాకిని నూకరత్నాన్ని కూర్చోబెట్టి సంగతి చెప్పింది. ఆయన లోపలి జబ్బు అసలు పెరగలేదనీ, పట్టీ మాత్రం ఆయన ఒళ్ళు కదలకపోవడం చూసి ఇక లేవలేని స్థితికి వచ్చాడని అనుకుంటోందనీ, అది అలా అనుకున్నంత కాలం ఆపరేషన్ జరగదనీ చెప్పింది. చాలా మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. నూకరత్నం చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

“అంటే నేను నీళ్ళందిత్తంటే, ఈయన సచ్చిపోతన్నాడని రాసుకుంటందాండి అది?”

మందాకిని అవునని తలూపింది.

“మరి నన్నడిగితే సెప్పేదాన్ని కదండీ,” అంది నూకరత్నం. కోపంగా అనలేదు. అడక్కుండా ఎందుకు ఊరుకున్నారో నిజంగా తెలుసుకోవాలన్నట్టు అంది.

ఇవాళ్టి నుంచి ఏదీ అందించవద్దనీ, ఆయన్నే లేచి తీసుకోనివ్వమనీ మందాకిని బతిమాలింది. నూకరత్నం సరేనంది. సరేనన్న మరుక్షణం లోపల చెంచా మోగింది. ఆవిడ లేచి నిలబడిపోయింది. కాళ్ళు ఆవిడ మాట వినే స్థితిలో లేవు. మందాకిని చెయ్యి పట్టుకుని ఆపింది. చెంచా మళ్ళీ మోగింది. రత్నం, నీళ్ళు అని నీరసంగా పిలుపు వినపడింది. ఆవిడ అరుగు మీది స్తంభం పట్టుకుని, పైటకొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మూడోసారి పిలిచేసరికి ఆపుకోలేకపోయింది. లోపలికి పరిగెడుతుందేమోననుకున్నాను. గుమ్మంలో నిలబడి అరిచింది.

“కుండెక్కడుందో తెలీదా? కాళ్ళిరిగాయా నీకు? నెల్లాళ్ళబట్టి చాకిరీ సేసి సేసి నా నడుం పోయింది. లెగిసి ముంచుకో!”

పక్కింటి వాళ్ళు తొంగిచూశారు. లోపల మంచం కిర్రుమంది. దిండొకటి కింద పడింది. ఏంటే నోరు లెగుత్తంది అన్న గొంతు వినపడింది. అందులో నీరసం లేదు. గోడ పట్టుకుని, మోకాళ్ళు వణుకుతుండగా, ధర్మరాజు గారు గుమ్మం దాకా వచ్చాడు. భార్య మొహం చూశాడు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా తిట్లు. ఆయన అలాగే కాసేపు చూసి, మూలనున్న కుండ దగ్గరికి నడిచి నీళ్ళు ముంచుకున్నాడు. సగం ఒంటి మీదే ఒలికిపోయాయి. నీళ్ళు తాగడం కూడా రాదని ఆవిడ మళ్ళీ అందుకుంది. నీ దెప్పుళ్ళు పడలేకే చచ్చేలా ఉన్నానని ఆయన అన్నాడు. వాళ్ళిద్దరూ మమ్మల్ని మరిచిపోయారు. మేము చెప్పకుండానే కారెక్కాం.

తిరుగుదారిలో నేను నవ్వుతున్నాను. ఇంత హాయిగా నవ్వి చాలాకాలమైంది. మందాకిని నవ్వలేదు. ద్రాక్షారామం దాటాక నోరు విప్పింది. ఏ కదలిక ఎలాంటి ఆరోగ్యానికి గుర్తో పట్టీకి నేర్పడానికి కావలసిన లెక్కలు ఇక్కడ దొరకలేదట. చల్లటి దేశాల నుంచి తెచ్చుకుంది. అక్కడ రోగులు ఒంటరిగా ఉంటారు, తమ టీ తామే కాచుకుంటారు. లేవడం మానేశారంటే నిజంగా లేవలేకపోతున్నారనే. మన ఇళ్ళల్లో జబ్బు అన్న మాట వినగానే మగాణ్ణి మంచం ఎక్కించేస్తారని తనకి తెలియదా? తెలుసు. తన తండ్రికి జ్వరం వస్తే తల్లి చెంబు పట్టుకుని నిలబడేది. తెలిసి కూడా ఆ సంగతి పట్టీకి చెప్పాలని తోచలేదు.

“ధర్మరాజు గారొక్కరే కాదు సార్,” అంది. నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు ఆవిడ పాత అక్షరాలన్నీ తీసింది. బి మీద కాలు పెట్టకుండా, గడ్డలు కదలకుండా, ఎ మీంచి సి మీదకీ డి మీదకీ జారిపోయినవాళ్ళు ఇంకా ఉన్నారు. ‘డి’ వచ్చినవాళ్ళు మళ్ళీ నా దగ్గరికి రారు కాబట్టి వాళ్ళ మొహాలు కూడా నాకు గుర్తులేవు. వాళ్ళలో కొందరు బతికే ఉన్నారు, వెంటనే రమ్మని కబురు పంపాం. కొందరు లేరు. జగ్గంపేట దగ్గర ఇటుకబట్టీలో మేస్త్రీగా చేసిన సింహాద్రి అనే ఆయన పోయి అప్పటికి కొన్నాళ్ళైంది. ఆయన సంగతి కనుక్కుందామని మందాకిని నా గదిలోంచే ఫోన్ చేసింది. భార్య అచ్చియ్యమ్మ ఎత్తింది. ఆసుపత్రి నుంచని తెలియగానే ఆవిడ దణ్ణాలు పెట్టినంత పని చేసింది. ఇంతకాలమైనా గుర్తుపెట్టుకుని ఫోన్ చేశారే అని పొంగిపోయింది.

“మీ మిషను సెప్పినట్టే అయ్యిందమ్మా. ఆఖరిదాకా ఆయన్ని కాలు కింద ఎట్టనివ్వలేదు నేను. ఆ తృప్తి ఉంది,” అంది.

మందాకిని ఉంటానమ్మా అని పెట్టేసి, చాలాసేపు బల్ల మీదే తల ఆనించి కూర్చుంది.

సోమవారం బోర్డు కూర్చుంది. ధర్మరాజు గారు అప్పటికి భార్యతో తగువులాడుకుంటూ రేవు దాకా నడిచి వెళ్ళి వస్తున్నాడు. కానీ పట్టీ నెల మొత్తాన్నీ కలిపి చూస్తుంది, అందుకని ‘డి’ మీంచి ‘సి’ దాకా మాత్రమే వచ్చింది. మా డైరెక్టరు మంచివాడు, ఎవరి మనసూ నొప్పించడు. ఇంకో నెల ఆగుదామన్నాడు. నడుస్తూ ఉంటే అక్షరం దానంతటదే ‘ఎ’ అవుతుంది కదా, ఈలోపు నియమం ఎందుకు తప్పడం అన్నాడు. ఈ నెల్లోగా ఒక గడ్డ నాళంలోకి పాకితే అప్పుడొచ్చే ‘సి’ నిజమైన ‘సి’ అవుతుందనీ, అప్పుడు నా కత్తికి పని ఉండదనీ నేను అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. డైరెక్టరు మందాకిని వైపు తిరిగాడు.

ఆవిడ లేచి నిలబడింది. మూడో ప్రశ్నకి పట్టీ చెప్పే జవాబు తప్పనీ, ఆ జవాబు తీసేసి చూస్తే ధర్మరాజు గారిది ఇప్పటికీ ‘ఎ’ అనీ చెప్పింది. డైరెక్టరు కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. పక్క రాష్ట్రాల ఆసుపత్రులు కూడా ఈ పట్టీ కావాలని అడుగుతున్న సంగతి గుర్తుచేశాడు. ఇది తప్పని ఒప్పుకుంటే ఇంతకుముందు దాని మాట మీద ఇంటికి పంపినవాళ్ళందరి విషయంలోనూ ఒప్పుకోవాలి, పోయినవాళ్ళ ఇళ్ళకి కూడా చెప్పాలి, ఒక్క మనిషి కోసం అంత దూరం వెళదామా అని అడిగాడు. బెదిరింపు కాదది. నిజంగా ఆవిడ మీద జాలితోనే అడిగాడు.

“వెళదాం సార్. చెప్పేది నేనే చెబుతాను,” అంది మందాకిని.

ఏడేళ్ళు కష్టపడి చేసిన వస్తువుని తన నోటితోనే పక్కన పెట్టించింది. గడ్డల్నీ లివర్నీ కొలవడానికి మాత్రం పట్టీని ఉంచుకున్నాం. మనిషి సంగతి మళ్ళీ మేమే చూడాలి. అబద్ధాలు చెబితే చెబుతారు, ఇల్లు చూసి వద్దామని తీర్మానించాం.

నేను ధర్మరాజు గారికి ఆపరేషన్ చేశాను. గడ్డలు రెండూ నాళాలకి ఎడంగానే ఉన్నాయి, శుభ్రంగా వచ్చేశాయి. స్పృహ వచ్చాక మొట్టమొదట అడిగింది ఆవిడేం గొడవ చేస్తోందని. నిజంగానే చేస్తోంది. లోపలికి పంపడం లేదని బయట నర్సుతో పోట్లాడుతోంది. ఆ సంతోషం నాకు ఒక పూట నిలిచింది.

సాయంత్రం మందాకిని అచ్చియ్యమ్మకి ఫోన్ చెయ్యబోతుంటే నేను అడ్డుపడ్డాను. ఉన్నవాళ్ళని వెనక్కి పిలిచావు, అంతవరకు బాగుంది. పోయినవాడు తిరిగిరాడు. ఆ మనిషికి మిగిలింది మొగుడికి సేవ చేశానన్న తృప్తి ఒక్కటే, దాన్నీ లాక్కుంటావా అన్నాను. నీ మనసు తేలిక చేసుకోవడానికి ఆవిడ మీద ఈ బరువు ఎందుకు పెడతావని కూడా అన్నాను. ఆ మాట అనాల్సింది కాదేమో. మందాకిని కళ్ళు ఎర్రబడ్డాయి.

“ఆయనకి జబ్బు వైరస్ వల్ల వచ్చింది సార్. కొడుక్కీ అదే వైరస్ ఉంది. రేపు ఆ అబ్బాయికి గడ్డ కనిపిస్తే ఆవిడ ఏం చేస్తుంది? మంచం ఎక్కించి నీళ్ళు అందిస్తుంది. ఇంకో ఊళ్ళో పాత పట్టీయే అంటించారనుకోండి, అప్పుడో?” అంది.

వెళ్ళిపోదామనుకుని, వెళ్ళలేక కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టి ఇద్దరికీ వినిపించేలా మోగించింది.

అచ్చియ్యమ్మ మళ్ళీ అంతే ఆప్యాయంగా పలకరించింది. మందాకిని ముందు కొడుకు సంగతి చెప్పింది, పరీక్షలు మానకుండా చేయించమంది. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది. మా పట్టీ ఒక పొరపాటు చేసిందమ్మా అని మొదలుపెట్టింది. మీరు ఆయన్ని అపురూపంగా చూసుకుంటున్నారని దానికి తెలియలేదు, ఆయనే లేవలేకపోతున్నాడనుకుంది, మేము దాన్ని నమ్మి వైద్యం ఆపేశాం, అప్పటికి ఆయన లోపలి జబ్బు ఆపరేషన్‌కి వీలుగానే ఉంది అని చెప్పింది. ఒక్క ముక్క కూడా దాచలేదు. తప్పు పూర్తిగా మాదేననీ, మీ వైపు నుంచి ఏ పొరపాటూ లేదనీ రెండుసార్లు చెప్పింది.

లైను తెగిపోయిందేమోనని నేను లేచి వచ్చి చూశాను. తెగలేదు.

“అంటే,” అంది అచ్చియ్యమ్మ, “మా ఆయన లెగిసి తిరగ్గలిగేవోడేనామ్మా?”

“తిరగగలిగేవారేనమ్మా.”

ఆ తర్వాత ఆవిడ గొంతు వినపడింది. మాతో మాట్లాడుతున్నట్టు లేదు.

“ఒకరోజు పొద్దున్నే లెగుత్తానన్నాడు. గేదెకి కుడితి ఎట్టొత్తానన్నాడు. నేనే భుజాలట్టుకుని పడుకోబెట్టేసేను.”

అచ్చియ్యమ్మ ఫోన్ పెట్టెయ్యలేదు. మందాకినీ పెట్టెయ్యలేదు. ఇక చాలు, పెట్టెయ్యమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.